చిన్న బల్ల మీద టర్న్‌టేబుల్

ఆవిరి ఇంజన్ల కాలంలో ఇంజన్ను వెనక్కి తిప్పడానికి గుండ్రని గుంటలో తిరిగే వంతెన ఉండేది. అదే టర్న్‌టేబుల్. మీ బొమ్మరైలు బల్ల పొడవు 60 సెం.మీ. మాత్రమేనా? అయితే అది మీకు మరీ అవసరం! ఒక దారిని మూడుగా చీల్చాలంటే రెండు పాయింట్లు కావాలి. పట్టాల మధ్య 16.5 మి.మీ. ఉండే హెచ్.ఓ. రకంలో ఒక్కో పాయింటు పొడవు సుమారు 17 సెం.మీ. సగం బల్ల వాటికే సరి! 12 సెం.మీ. వంతెన ఒక్కటే ఆ పని చేస్తుంది.

ఇంజను పొడవు కొలవకండి. మొదటి ఇరుసు నుండి చివరి ఇరుసు దాకా కొలిచి, 2 సెం.మీ. కలపండి. ఇంజను ముక్కు గుంట దాటి పొడుచుకువచ్చినా ఫరవాలేదు, తిరిగేటప్పుడు సిగ్నలు స్తంభానికి తగలకుంటే చాలు.

12 సెం.మీ. వృత్తం చుట్టుకొలత సుమారు 37.7 సెం.మీ. స్లీపర్లతో దారి వెడల్పు 3 సెం.మీ. కనుక 30 డిగ్రీలకొక దారి పడుతుంది.

అసలు చిక్కు కరెంటుతోనే. బొమ్మరైలుకు పట్టాల ద్వారా 12 వోల్టుల డి.సి. అందుతుంది కదా! వంతెన అరచుట్టు తిరిగితే దాని ధన పట్టా బయటి ఋణ పట్టాకు ఎదురవుతుంది. ఇంజను చక్రం రెండింటినీ తాకిందా, షార్ట్ సర్క్యూటే!

అందుకని వంతెన కింద రాగిరేకు ఉంగరాన్ని రెండు ముక్కలుగా కోసి బల్లకు బిగించండి. ఒక ముక్కకు ధన తీగ, రెండోదానికి ఋణ తీగ. వంతెన పట్టాలకు కలిపిన రెండు రాగి నాలుకలు వాటిపై జారుతూ, అరచుట్టులో ముక్కలు మార్చుకుంటాయి. మోటారులో కమ్యుటేటరు చేసేదీ ఇదే. ముక్కల మధ్య సందు నాలుక కన్న వెడల్పుగా, దారులు లేని పక్కకు ఉండాలి సుమా!