పొగ వాసన చూసే కార్బ్యురేటరు

1981 మోడలు మొదలుకొని కొన్నేళ్ళపాటు అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ తయారుచేసిన పెట్రోలు కార్లలో చాలావాటికి కంప్యూటరు అదుపులో పనిచేసే కార్బ్యురేటరు ఉండేది. అలాంటి కార్లు కొన్ని నేటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి. పాతబడిన కొద్దీ వాటి తీగెలు తెగుతాయి, రబ్బరు గొట్టాలు పగులుతాయి, ఇంజను కుంటుతుంది. అప్పుడు యజమానికి ఒక ఆలోచన తడుతుంది: "ఈ కంప్యూటరు గొడవంతా ఎందుకు? పీకేసి, 1970 నాటి మామూలు కార్బ్యురేటరు బిగిస్తే పోలేదా! పొగ పరీక్షలో పాసయితే చాలు గదా!"

ఈ ఆలోచన మంచిదేనా? జవాబు చెప్పడానికి ముందు మంట సంగతి కొంత తెలుసుకుందాం.

గాలి ఎంత? పెట్రోలు ఎంత?

మీ సైన్సు మాస్టారి సమక్షంలో బున్సెన్ బర్నరును గాలి రంధ్రం మూసి వెలిగించి చూడండి. మంట పచ్చగా రెపరెపలాడుతుంది. దానిపై పింగాణీ మూకుడు పట్టుకుంటే మసి బారుతుంది. రంధ్రం తెరవండి. మంట నీలంగా మారుతుంది, మసి రాదు. ఇంధనం అదే. మారినది దానితో కలిసే గాలి పాలు మాత్రమే.

ఇంజనులో జరిగేదీ ఇదే. చిన్న లెక్క చేద్దాం. పెట్రోలులో ఉండే ఆక్టేను అణుభారం 114. ఒక ఆక్టేను అణువు పూర్తిగా మండడానికి పన్నెండున్నర ఆక్సిజను అణువులు కావాలి. అంటే 114 గ్రాముల ఆక్టేనుకు 400 గ్రాముల ఆక్సిజను. గాలి బరువులో ఆక్సిజను సుమారు 23 శాతం. కాబట్టి దాదాపు 1,740 గ్రాముల గాలి కావాలి. దీన్ని 114తో భాగిస్తే 15 పైచిలుకు వస్తుంది. పెట్రోలు ఒక్క ఆక్టేనే కాదు, పలు హైడ్రోకార్బనుల కలయిక. అందుచేత పెట్రోలుకు ఈ నిష్పత్తి 14.7గా లెక్కిస్తారు. ఒక గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి అన్నమాట.

పెట్రోలు ఇంతకంటె ఎక్కువైతే మిశ్రమం చిక్కనవుతుంది. అప్పుడు విషవాయువైన కార్బన్ మోనాక్సైడు, మండని హైడ్రోకార్బనులు పొగలో బయటికి వస్తాయి. గాలి కొద్దిగా ఎక్కువైతే మిశ్రమం పలచనవుతుంది. అప్పుడు సిలిండరులోని వేడికి గాలిలోని నైట్రోజను, మిగిలిన ఆక్సిజనుతో కలిసి నైట్రోజను ఆక్సైడులుగా మారుతుంది. ఈ ఆక్సైడులు, హైడ్రోకార్బనులు ఎండలో చర్య జరుపుకొన్నందువల్లనే లాస్ ఏంజెలిస్ నగరాన్ని కళ్ళు మండించే పొగమంచు కమ్మింది. 1950ల తొలి సంవత్సరాల్లో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సంగతి కనిపెట్టాడు.

పాత కార్బ్యురేటరుకు తెలియనిది

మామూలు కార్బ్యురేటరులో గాలి ఒక సన్నని మెడ గుండా పోతుంది. సన్నని చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఇది మీరు చదివిన బెర్నూలీ సూత్రమే. ఆ తగ్గిన పీడనం వల్ల పెట్రోలు చిన్న రంధ్రం గుండా పైకి వచ్చి తుంపరగా గాలిలో కలుస్తుంది. చక్కని ఏర్పాటే! కాని రంధ్రం కొలత స్థిరం. డెన్వర్ నగరం సముద్ర మట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత తక్కువ. తీర ప్రాంతానికి సరిచేసిన కార్బ్యురేటరు అక్కడికి వెళితే మిశ్రమం చిక్కనైపోతుంది. తాను కలిపింది సరిగా మండిందో లేదో ఆ కార్బ్యురేటరుకు తెలిసే మార్గం లేదు.

ముక్కు, మెదడు, చెయ్యి

ఈ లోటు తీర్చడానికే ఇంజనీర్లు పొగ వెళ్ళే దారిలో ఆక్సిజను సెన్సారును అమర్చారు. ఇది జిర్కోనియా అనే పింగాణీ వంటి పదార్థంతో చేసినది. దానికి ఒక పక్క బయటి గాలి, మరో పక్క పొగ తగులుతాయి. మిశ్రమం చిక్కనైతే పొగలో ఆక్సిజను దాదాపు ఉండదు. అప్పుడు సెన్సారు సుమారు 0.9 వోల్టులు పుట్టిస్తుంది. పలచనైతే 0.1 వోల్టుకు పడిపోతుంది. అయితే ఈ ముక్కు పనిచేయాలంటే సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడి ఎక్కాలి.

కంప్యూటరు ఈ వోల్టేజిని చూసి కార్బ్యురేటరులోని సోలినాయిడుకు ఆజ్ఞ ఇస్తుంది. సోలినాయిడు సెకనుకు 10 సార్లు కొట్టుకుంటుంది. కరెంటు ఉన్నంతసేపు సన్నని కడ్డీలు కిందికి దిగి పెట్రోలు దారిని ఇరుకు చేస్తాయి. కరెంటు ఆగితే పైకి లేస్తాయి. ఒక్కొక్క కొట్టుకు కరెంటు ఎంతసేపు ఉండాలో మార్చుతూ కంప్యూటరు మిశ్రమాన్ని 14.7కు అటూ ఇటూ ఊగిస్తూ ఉంటుంది.

ఎందుకంత పట్టుదల? పొగగొట్టంలో ప్లాటినం, రోడియం వంటి లోహాల పూత ఉన్న ఉత్ప్రేరక కన్వర్టరు ఉంటుంది. అది ఒక వైపు కార్బన్ మోనాక్సైడును, హైడ్రోకార్బనులను ఆక్సీకరణం చేయాలి. మరో వైపు నైట్రోజను ఆక్సైడులను క్షయకరణం చేయాలి. రెండు వ్యతిరేక చర్యలూ ఒక్కచోట బాగా జరగాలంటే మిశ్రమం 14.7కు అతి దగ్గరగా ఉండక తప్పదు.

మార్చేస్తే ఏమవుతుంది?

ఇప్పుడు మన యజమాని ఆలోచనకు వద్దాం. ఈ కార్లలో స్పార్కు ఏ క్షణంలో పడాలో నిర్ణయించేదీ కంప్యూటరే. కాబట్టి కార్బ్యురేటరు ఒక్కటీ మార్చితే చాలదు, డిస్ట్రిబ్యూటరు కూడా మార్చాలి. అన్నీ మార్చాడనుకోండి. ఇంజను హాయిగానే నడవవచ్చు. స్క్రూలు తిప్పి మిశ్రమాన్ని కాస్త పలచన చేస్తే, కారు నిలిపి ఇంజనును నెమ్మదిగా తిప్పే పరీక్షలో పాసు కూడా కావచ్చు! ఆ పరీక్షలో చూసేవి ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బనులే. ఇంజనుపై బరువు లేనప్పుడు వేడి తక్కువ కనుక నైట్రోజను ఆక్సైడులు ఎలాగూ కొద్దిగానే పుడతాయి. అవి ఎక్కువగా పుట్టేది కారు గుట్ట ఎక్కేటప్పుడు, వేగం అందుకొనేటప్పుడు. అప్పుడు మిశ్రమాన్ని చక్కదిద్దే ముక్కు ఇక లేదు. మిశ్రమం మరీ చిక్కనైతే, మండని పెట్రోలు కన్వర్టరులో మండి దాని తేనెపట్టు వంటి లోపలి భాగాన్నే కరిగించవచ్చు.

ఈ లొసుగు చట్టం చేసినవారికీ తెలుసు. కాలిఫోర్నియాలో 1984లో మొదలైన పొగ పరీక్షలో, కారుకు రావలసిన పరికరాలు ఉన్నాయో లేదో కంటితో కూడా చూస్తారు. 1990ల చివర అక్కడి చాలా ప్రాంతాల్లో కారును రోలర్ల మీద, బరువు మోపి నడిపి నైట్రోజను ఆక్సైడులను కొలవడం మొదలుపెట్టారు. కాలుష్య పరికరాలను తీసివేయకూడదన్న అమెరికా పరిశుభ్ర వాయు చట్టంలోని నిషేధం 1990 సవరణతో యజమానికీ వర్తించింది. కొన్ని రాష్ట్రాల్లో బాగా పాత కార్లకు పరీక్ష ఉండదు. పరీక్ష లేనంత మాత్రాన పొగ మారదు గదా!

మరి దారేది? రోగం ఎక్కడుందో కనిపెట్టడమే. సోలినాయిడు తీగె తెగితే కడ్డీలు పైనే ఉండిపోయి మిశ్రమం ఎప్పుడూ చిక్కగానే ఉంటుంది. సెన్సారు చచ్చిపోతే కంప్యూటరుకు వాసన అందదు. గొట్టం పగిలితే దొంగగాలి చొరబడుతుంది. చాలాసార్లు ఒక తీగె, ఒక గొట్టం, ఒక సెన్సారు మార్చితే సరిపోతుంది.

2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలులోకి వచ్చాక చాలా కొత్త మోటారుసైకిళ్ళలో కార్బ్యురేటరు స్థానాన్ని ఇంజెక్టరు ఆక్రమించింది. కాని సెన్సారు వాసన చూడడం, కంప్యూటరు సరిదిద్దడం అనే సూత్రం మాత్రం అదే. చేసిన పని ఫలితాన్ని చూసి తిరిగి దిద్దుకోవడాన్ని ప్రతిపుష్టి అంటారు. చెమట పోసి మన శరీరం చల్లబడడంలోనూ ఉన్నది ఇదే.

పరీక్ష ఒక్క నిమిషంలో అయిపోతుంది. కారు మాత్రం ఏడాది పొడవునా పొగ వదులుతుంది, ఆ పొగను పీల్చేది మనుషులే.

ఆలోచించండి

1. ఉదయం చల్లని ఇంజను నడవడం మొదలుపెట్టిన వెంటనే కంప్యూటరు సెన్సారు మాట ఎందుకు వినదు?

2. ఆక్టేను బదులు హెప్టేను తీసుకొని పై లెక్క చేయండి. దాని అణుభారం 100. ఒక అణువు మండడానికి 11 ఆక్సిజను అణువులు కావాలి.