సూదిమొన చెప్పే సత్యం

మానవుని నిటారుగా నిలబెట్టేది వెన్నెముక. మన పూర్వులు దానిని మేరుదండమన్నారు. దాని నడుమ సాగే వెన్నుపాము మెదడుకూ దేహానికీ వారధి. అందువల్ల ఒక్క పూస శిథిలమైనా కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది.

వెన్నుపూసను తినివేసే వ్యాధులలో క్షయ, క్యాన్సర్ ముఖ్యమైనవి. వెన్ను వంగి కాళ్లు పడిపోయే రోగాన్ని 1779లో ఆంగ్ల శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ వర్ణించాడు. అది వెన్నెముక క్షయ అని తరువాత తేలింది. మన దేశంలో ఈ వ్యాధి నేటికీ అరుదు కాదు. వ్యాధి ఎక్కడ ఉన్నదో స్కాన్ చూపుతుంది; అది ఏ వ్యాధియో అన్ని వేళలా నిశ్చయంగా చెప్పలేదు. క్షయకు నెలల తరబడి మందులు వాడాలి. క్యాన్సర్ చికిత్సామార్గం వేరు. ఒకదానిని మరొకటిగా భ్రమిస్తే రోగి విలువైన కాలాన్నీ, ఒక్కొక్కప్పుడు కాళ్ల సత్తువనూ కోల్పోతాడు.

పూర్వం ఈ సందేహ నివృత్తికి శస్త్రచికిత్స చేసి చూడవలసి వచ్చేది. సూదితోనే నమూనా తీసి వెన్నుపూస వ్యాధిని నిర్ణయించవచ్చునని 1935లో రాబర్ట్‌సన్, బాల్ అనే వైద్యులు తెలియజేశారు. 1970వ దశకంలో సి.టి. స్కాన్ వచ్చిన పిదప ఈ పద్ధతికి చూపు లభించినట్లయింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్న సామెత ఇక్కడ సార్థకం.

ముందుగా రక్తం గడ్డకట్టే తీరును పరీక్షిస్తారు. రోగిని బోర్లా పడుకోబెట్టి, సూది దిగేచోట మత్తుమందు ఇస్తారు. స్కాన్ చిత్రాలను చూస్తూ, నరాలను తప్పించి, బోలుసూదిని వ్యాధిగ్రస్త భాగానికి చేర్చి చిన్న ముక్కను తీస్తారు. దానిలో ఒక భాగాన్ని ఫార్మలిన్‌లో ఉంచి కణపరీక్షకు పంపుతారు. రెండవ భాగాన్ని ఫార్మలిన్ తాకనీయరు. తాకితే సూక్ష్మజీవులు నశిస్తాయి, వాటిని పెంచి గుర్తించడం సాధ్యం కాదు. ఈ జాగ్రత్త లోపిస్తే పడిన శ్రమలో సగం బూడిదలో పోసిన పన్నీరే.

ఈ పరీక్షకూ పరిమితులున్నాయి. ముక్క చాలకపోతే మరల తీయవలసి రావచ్చు. రక్తస్రావం, నరానికి గాయం అరుదుగా సంభవించవచ్చు. అయినా వీపుపై పెద్ద కోత తప్పుతుంది. చాలామంది ఆ రోజే ఇల్లు చేరగలుగుతారు.

విద్యార్థులారా! ‘నిదానం’ అంటే లోకంలో నెమ్మది, వైద్యశాస్త్రంలో రోగనిర్ణయం. ‘నిదానమే ప్రధానం’ అన్న మాట ఇక్కడ రెండవ అర్థంలోనే చెల్లుతుంది. వదలని వెన్నునొప్పి విషయంలో జాప్యం కూడదు. నిర్ణయం లేని చికిత్సా కూడదు.

కఠిన పదాలకు అర్థాలు
వారధి = వంతెన
నివృత్తి = తొలగించుకోవడం
జాప్యం = ఆలస్యం

ప్రశ్నలు
1. నమూనాను రెండు భాగాలు చేయడానికి కారణమేమి?
2. ‘నిదానం’ అనే పదంలోని అర్థభేదాన్ని వివరించండి.