గీదం చుట్టూ కెమెరాతో: రిటైరైనవారికి కొన్ని చిట్కాలు

దక్షిణ బస్తర్‌లో గీదం ఒక కూడలి. ఒక దారి జగదల్‌పూర్‌కు, ఒకటి దంతెవాడకు, ఇంకొకటి బార్సూర్‌కు పోతుంది. మరొకటి బీజాపూర్, భోపాలపట్నం మీదుగా మన గోదావరి ఒడ్డుకు చేరుస్తుంది. విశాఖ నుంచి కిరందుల్ వెళ్లే రైలూ ఇక్కడ ఆగుతుంది. బైలదిలా ఇనుప గనుల్లో కొలువుకొచ్చి బచేలీ, కిరందుల్‌లలో ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ చుట్టూ ఉన్న అడవిని బస్సు కిటికీలోంచే చూసినవారికి, పెన్షన్ మొదలయ్యాక కెమెరా పట్టుకోవాలని అనిపించడం సహజం. అలాంటివారి కోసమే ఇవి. విశాఖ, వరంగల్ వైపు నుంచి వచ్చేవారికీ పనికొస్తాయి.

1. ముందు ఇంటి చుట్టుపక్కలతో మొదలుపెట్టండి. లడఖ్, కెన్యా తర్వాత చూసుకోవచ్చు. గీదం నుంచి పాతిక కిలోమీటర్ల లోపే శంఖినీ డంకినీ నదులు కలిసేచోట దంతేశ్వరి గుడి ఉంది, బార్సూర్‌లో నాగవంశీయుల కాలపు ఆలయాలున్నాయి, ఆ పక్కనే ఇంద్రావతి పాయలుగా చీలే సాత్‌ధార్ ఉంది. ఉద్యోగస్తుడికి ఒక ఆదివారం దొరికితే గొప్ప. మీకు మాఘంలో చూసిన చోటును మళ్లీ జ్యేష్ఠంలో, మళ్లీ భాద్రపదంలో చూసే వీలుంది. మోదుగ పూసినప్పుడు ఎర్రగా ఉన్న గుట్ట తొలకరికి పచ్చబడుతుంది. ఒకే చెట్టును ఒకే చోట నిలబడి ఏడాది పొడవునా తీసి చూడండి. యాత్రకు వచ్చిపోయేవారికి ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా దొరకని ఫొటోలు అవి.

2. గ్రాట్యుటీ డబ్బుతో పెద్ద లెన్సు కొనకండి. మెడలో రెండు కిలోల బరువు వేసుకుని గుట్ట ఎక్కితే, మూడో వారానికి కెమెరా అటకెక్కుతుంది. లెన్సు మార్చే పని లేని, దూరాన ఉన్న పిట్టను దగ్గరకు లాగే తేలికపాటి సూపర్‌జూమ్ కెమెరా మొదటి ఏడాదికి చాలు. మంచి ఫోన్ ఉంటే సంతకూ, గుడికీ అదే చాలు. పెద్ద లెన్సు మీద మనసు పడితే ముందు అద్దెకు తెచ్చి వాడి చూడండి.

3. కెమెరా సెట్ చేసేముందు మీ కళ్లను సెట్ చేసుకోండి. వ్యూఫైండర్ పక్కన డయాప్టర్ అనే చిన్న చక్రం ఉంటుంది. కళ్లజోడు తీసి అందులోకి చూస్తూ, అక్షరాలు స్పష్టంగా కనిపించేదాకా దాన్ని తిప్పండి. ఫోకస్ సరిగ్గా కుదరడం లేదని కెమెరాను రిపేరుకు పంపేవారిలో చాలామందికి ఈ చక్రం ఉందనే తెలియదు. శుక్లాలు ముదిరిన కంటికి రంగులన్నీ కాస్త పసుపు కలిసినట్టు కనిపిస్తాయి. ఆపరేషన్ కాకముందు కంప్యూటర్‌లో రంగులు దిద్దితే, ఆ ఫొటోలు మిగతావారికి నీలం ఎక్కువైనట్టు కనిపించవచ్చు. అందుకే రంగులు దిద్దాక మనవణ్ణో మనవరాలినో పిలిచి ఒకసారి చూపించండి.

4. చెయ్యి వణికితే దిగులు పడకండి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి వదిలాక మీట నొక్కండి. లెన్సు 200 మిల్లీమీటర్లయితే షట్టర్ వేగం సెకనులో 200వ వంతుకు తగ్గనివ్వకండి. మూడుకాళ్ల స్టాండ్ మోయలేకపోతే ఒంటికాలి స్టాండ్ తీసుకోండి, ఎక్కుడుదిగుడులో చేతికర్రగానూ పనికొస్తుంది.

5. ఏడాదిలో ఒక్క ఉదయమే కేటాయించగలిగితే ఇప్పపువ్వు రాలే రోజుల్లో కేటాయించండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో గీదం చుట్టూ ఏ పల్లెకు వెళ్లినా, చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి, కాల్చి, నేల శుభ్రం చేసి ఉంటుంది. పూలు రాత్రి చివరి జాము నుంచి పొద్దెక్కేదాకా రాలుతూనే ఉంటాయి. ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో చీకటుండగానే వస్తారు. నల్లటి మసినేల మీద మీగడ రంగు పువ్వులు, గుండ్రంగా, తేమగా, వేలితో నొక్కితే రసం చిమ్మేలా ఉంటాయి. ఇక్కడే కెమెరా పొరబడుతుంది. నేల నల్లగా ఉండటంతో వెలుగు చాలదనుకుని ఫొటోను తెల్లబరుస్తుంది, పువ్వు కాస్తా సున్నపు చుక్కయిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ ఒకటికి తగ్గించండి. చిన్న పీట వేసుకుని కూర్చుని, కెమెరాను పువ్వుల ఎత్తుకు దించండి. నిలబడి కిందికి తీస్తే నేల తప్ప మరేమీ కనిపించదు. ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు: ఇప్పపువ్వంటే ఎలుగుబంటికీ ప్రాణమే. చీకటిలో ఒంటరిగా చెట్టు కిందికి పోవద్దు. ఊరివాళ్లతోపాటే వెళ్లండి, వాళ్లు వెనక్కి తిరిగితే మీరూ తిరిగి రండి. వాళ్లకు అది కూలి గిట్టే వేళ. ఫొటో కోసం చేతులు ఆపమని గానీ, రాలిన పువ్వుల్ని మళ్లీ పరచమని గానీ అడగకండి.

6. జలపాతానికి కాలం చూసుకుని వెళ్లండి. చిత్రకోట్ దగ్గర ఇంద్రావతి దాదాపు 29 మీటర్ల ఎత్తు నుంచి గుర్రపు నాడా ఆకారంలో దూకుతుంది. వానల్లో ఒడ్డు నుంచి ఒడ్డుదాకా ఎర్రమట్టి నీళ్లతో ఉరుముతుంది, చలికాలానికి తెల్లటి పాయలుగా విడిపోతుంది. రెండూ వేర్వేరు ఫొటోలు. రెండుసార్లు వెళ్లాల్సిందే. ఇంద్రధనుస్సు కావాలంటే సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. నీటిని పాలనురుగులా చూపాలంటే షట్టర్ అర సెకను పాటు తెరిచి ఉంచండి, దాని ఉరుకు చూపాలంటే సెకనులో వెయ్యో వంతు పెట్టండి. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలోని తీరథ్‌గఢ్ దగ్గర మెట్లు చాలా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులుంటే కిందికి దిగక్కర్లేదు, పైనుంచీ మంచి ఫొటోలే వస్తాయి. అక్కడి కుటుంసర్ గుహను వానాకాలంలో మూసేస్తారు.

7. బార్సూర్ శిల్పాలను మిట్టమధ్యాహ్నం తీయకండి. ఎండ నెత్తిన ఉంటే రాతి మీది చెక్కడం చదునుగా కనిపిస్తుంది. పొద్దున, సాయంత్రం ఎండ పక్క నుంచి పడినప్పుడు 32 స్తంభాల బత్తీసా గుడిలో ప్రతి గీతా తేలుతుంది. జంట గణపతుల విగ్రహాలకూ అంతే. 11వ శతాబ్దంలో బార్సూర్‌లో తెలుగులో ఒక శాసనం వేయించారు. ఇక్కడ గుడి కట్టించిన చంద్రాదిత్యుడు తెలుగు చోడుడు. మనవాళ్ల అడుగులు పడిన చోటని తెలిసి నిలబడితే చూపు కాస్త నిదానిస్తుంది. చెక్కడం బాగా కనిపించాలని రాయికి సుద్ద, నూనె, నీళ్లు పూయడం మాత్రం మహాపాపం. పురావస్తు శాఖ కింద ఉన్నచోట స్టాండ్ పెట్టాలంటే అనుమతి కావాలి. దంతేశ్వరి గర్భగుడిలోకి మగవాళ్లు ప్యాంటుతో వెళ్లకూడదు, పంచె కట్టాల్సిందే. లోపల కెమెరా తీసేముందు పూజారిని అడగండి.

8. వానాకాలంలో లెన్సుకు బూజు పట్టకుండా చూసుకోండి. బస్తర్‌లో నాలుగు నెలల ముసురు తోలు సంచికీ, బీరువాకూ మంచిది కాదు, లెన్సుకు అసలే కాదు. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో గుప్పెడు సిలికా జెల్ పోసి, అందులో కెమెరా ఉంచండి. తేమ చూపే చిన్న మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది, అది 40, 50 మధ్య ఉండేలా చూసుకోండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే మూకుడులో సన్నసెగ మీద వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ రంగు మందు విషం, కాబట్టి ఆ మూకుడును మళ్లీ వంటకు వాడొద్దు. బియ్యం డబ్బాలో కెమెరా దాచమని చెప్పేవారి మాట వినకండి, ఆ పిండి కెమెరా సందుల్లోకి చేరుతుంది. ఏసీ గదిలోంచి బయటికొచ్చాక అరగంట సంచి జిప్పు తీయకండి. అన్నిటికంటే మంచి మందు, వారానికోసారైనా కెమెరాను బయటికి తీసి వాడటం.

9. ఎర్రదుమ్మును నోటితో ఊదొద్దు. బైలదిలా వైపు దారుల్లో లేచేది ఇనుము కలిసిన ధూళి. లుంగీ అంచుతోనో చీర కొంగుతోనో తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి. ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, తర్వాత మెత్తటి బ్రష్షు, చివర్న మైక్రోఫైబర్ గుడ్డ.

10. ఒంటిని కాపాడుకోండి. దక్షిణ బస్తర్ మలేరియా ప్రాంతం. దాన్ని తగ్గించడానికే ప్రభుత్వం 2020లో మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమం మొదలుపెట్టింది. నిండు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి. ఇంటికి తిరిగొచ్చాక జ్వరమొస్తే, బస్తర్ వెళ్లొచ్చానని డాక్టరుకు ముందే చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. షుగర్ ఉంటే జేబులో బెల్లం ముక్కో గ్లూకోజ్ పొట్లమో ఉండాలి. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. ఢోల్‌కల్ కొండ మీది గణపతిని చూడాలంటే ఫరస్‌పాల్ నుంచి ఊరి కుర్రాణ్ణి దారి చూపడానికి తీసుకెళ్లండి, పొద్దున్నే ఎక్కండి. 2017 జనవరిలో ఆ విగ్రహాన్ని లోయలోకి తోసేశారు. ముక్కలు వెతికి అతికించి మళ్లీ నిలబెట్టారు. దగ్గర్నుంచి తీస్తే ఆ అతుకులు కనిపిస్తాయి.

11. పోలీసు క్యాంపులు, చెక్‌పోస్టులు, వంతెనలు, గనులు, రైల్వే యార్డు వైపు కెమెరా తిప్పకండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. ఆధార్ కార్డు జేబులో ఉంచుకోండి. కొత్త దారిలో వెళ్లేముందు ఠాణాలో ఒక మాట చెప్పడం మేలు. కొండ గోరువంక గూడు కంటపడితే దూరం నుంచే చూసి రండి. అది ఎక్కడుందో ఎవరికీ చెప్పొద్దు, ఫోన్ గ్రూపుల్లో అసలే పెట్టొద్దు. గోరువంక పిల్లల్ని పట్టి పంజరాల్లో పెట్టేవారు ఉన్నారు.

12. మనిషిని అడగకుండా మనిషి ఫొటో తీయకండి. ఈ జాబితాలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బస్తర్ ఆదివాసీలను తీసిన ఫొటోలు ఎన్నో దశాబ్దాలుగా పత్రికల్లో, క్యాలెండర్లలో అచ్చయ్యాయి. వాటిలో ఉన్నవారిలో ఎందరు తమ ఫొటో చూసుకున్నారు? నారాయణ్‌పూర్ దగ్గర గఢ్‌బెంగాల్ గ్రామపు మురియా పిల్లవాడు చెంద్రూ పులిపిల్లతో ఆడుకునేవాడు. స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ వచ్చి అతనితో తీసిన సినిమా 1957లో విడుదలైంది. ఆయన భార్య ఆస్త్రిద్ తీసిన ఫొటోల పుస్తకం ఎన్నో దేశాల పిల్లలు చదివారు. చెంద్రూ స్వీడన్ కూడా వెళ్లొచ్చాడు. ఆ తర్వాత బతుకంతా తన ఊళ్లోనే పేదరికంలో గడిచింది, 2013లో కన్నుమూశాడు. బొమ్మ లోకమంతా తిరిగింది, బొమ్మలో ఉన్నవాడికి దక్కింది చాలా తక్కువ.

అందుకే సంతలో ముందు కెమెరా సంచిలోనే ఉంచి చింతపండో, అల్లమో కొనండి. "జోహార్ దీదీ" అని పలకరించండి. కెమెరా చూపించి, సైగతోనైనా తీయవచ్చా అని అడగండి. తల అడ్డంగా ఊపితే నవ్వి ముందుకు నడవండి. పిల్లల ఫొటోకు తల్లి ఒప్పుకోవాలి. చాలీచాలని బట్టల్లో ఉన్నవారిని, కల్లు తాగి తూలేవారిని ఎవరు ఒప్పుకున్నా తీయకండి. డబ్బిచ్చి పోజు పెట్టించడం అలవాటు చేస్తే, మీ తర్వాత వచ్చేవారికి ఆ ఊళ్లో మామూలు పలకరింపు దొరకదు.

13. తీసిన ఫొటో తిరిగి ఇవ్వండి. ఇంటికి రాగానే కార్డులోని ఫొటోలను కంప్యూటర్‌లోకి, మరో హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి. ఇంకో నకలు వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉండాలి. ఆ తర్వాత మనుషుల ఫొటోలన్నీ ఏరి, 6×4 సైజులో మ్యాట్ కాగితం మీద ప్రింట్ వేయించండి. నిగనిగలాడే కాగితం తేమకు ఒకదానికొకటి అతుక్కుంటుంది. వెనక పేరు, ఊరు, తేదీ పెన్సిలుతో రాయండి, ఇంకు పక్క ఫొటోకు అంటుకుంటుంది. ఊరి పేరు రాసుకోకపోతే సంతలో ఆ ముఖాన్ని వెతకడం కష్టం, కాబట్టి తీసినప్పుడే అడిగి చిన్న పుస్తకంలో రాసుకోండి. మళ్లీ సంత రోజున వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీసుకెళ్లి ఎవరిది వారికి ఇవ్వండి. మనిషి రాకపోతే వాళ్ల ఊరివాళ్ల చేతికివ్వండి, చేరుతుంది. వయసు మళ్లినవారి ఫొటోలు ముందు ప్రింట్ వేయించండి. చాలా ఇళ్లలో వాళ్లకు ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప ఇంకో ఫొటో ఉండదు.