సుషికి నంజుకొనే రసాలు: ఇంటి తయారీలో ఉప్పు పొదుపు

జపాను వంటకమైన సుషి నేడు హైదరాబాదు భోజనశాలలలో కూడా లభిస్తున్నది. విదేశాలలో చదువుకొనే, ఉద్యోగాలు చేసే మన పిల్లలకైతే అది వారాంతపు భోజనంగానే మారింది. పిల్లల దగ్గర కొన్ని నెలలు గడపడానికి వెళ్ళిన తల్లిదండ్రుల ముందుకు కూడా ఆ పళ్ళెం వస్తుంది. "ఇది ఆరోగ్యానికి మంచిదేనా?" అని పెద్దలు అడిగేటప్పుడు వారి అనుమానమంతా పచ్చి చేప మీదనే ఉంటుంది. ఆ అనుమానం సహేతుకమే. దాని సంగతి తరువాత చెప్పుకుందాం. కాని ప్రక్కన చిన్న గిన్నెలో నల్లగా మెరిసే సోయాసాస్ వైపు ఎవరి దృష్టీ పోదు. రక్తపోటు ఉన్నవారికి అసలు ప్రశ్న ఆ చిన్న గిన్నెలోనే ఉన్నది.

సుషి అనగా వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన అన్నం మీద చేప, గ్రుడ్డు, కూరగాయ వంటి వాటిని అమర్చి చేసే వంటకం. నోరి అనే సముద్రపు నాచు రేకులో చుట్టి కూడా చేస్తారు. పచ్చి చేప లేనిదే సుషి కాదనుకోవడం పొరపాటు. దోసకాయతో చేసే కప్పా-మకి పూర్తిగా శాకాహారం. అయితే ఏ రకమైనా అన్నంలో ఉప్పు ముందే చేరి ఉంటుంది. దాన్ని తీసుకొనిపోయి మళ్ళీ ఉప్పు ద్రవంలో ముంచుతాం.

ఉప్పు లెక్క

జపానులో సోయాసాస్‌ను షోయు అంటారు. సాధారణంగా వాడే ముదురు రంగు షోయులో నూరు గ్రాములకు సుమారు 14.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒక టేబుల్ స్పూను షోయు సుమారు 18 గ్రాములు తూగుతుంది కనుక అందులోని ఉప్పు రెండున్నర గ్రాముల పైమాటే. టీస్పూను లెక్కన దాదాపు 0.9 గ్రాము. పెద్దలు రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పుతో సరిపెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అనగా సుషి తింటూ రెండు టేబుల్ స్పూనుల షోయు ఖర్చు చేసినవారికి ఆ రోజు ఉప్పు కోటా అక్కడితో చెల్లిపోయింది. మన ఆవకాయ, ఊరగాయలు, అప్పడాల విషయంలో చేసే హెచ్చరికయే ఇక్కడా వర్తిస్తుంది.

లేత రంగు షోయులో ఉప్పు తక్కువని చాలామంది భ్రమపడతారు. నిజం దీనికి విరుద్ధం. ఉసుకుచి అనే లేత రంగు రకంలో నూరు గ్రాములకు సుమారు 16 గ్రాముల ఉప్పు ఉంటుంది. రంగు చూసి ఉప్పును అంచనా వేయరాదు.

చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో అతిగా వాడకూడని మూడు ద్రవ్యాలను పేర్కొన్నారు. అవి పిప్పళ్ళు, క్షారం, లవణం. లవణానికి అన్నం మీద రుచి పుట్టించే గుణం, జఠరాగ్నిని పెంచే గుణం ఉన్నాయని అంగీకరిస్తూనే, అతిగా సేవిస్తే దేహంలో గ్లాని, శైథిల్యం, దౌర్బల్యం కలుగుతాయని ఆ గ్రంథం చెబుతున్నది. ఉప్పును నిషేధించలేదు, అతిసేవనాన్ని నిషేధించింది. ఈ తేడాను గుర్తుంచుకుంటేనే క్రింది తయారీల ఉద్దేశం బోధపడుతుంది.

జపాను వారు ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకున్నారు. 1960లో లూయిస్ డాల్ అనే అమెరికా వైద్యుడు ప్రకటించిన పరిశీలనలో ఉత్తర జపాను ప్రజలు రోజుకు సుమారు 27 గ్రాముల ఉప్పు తింటున్నట్లు తేలింది. ఊరగాయలు, మీసో అనే సోయా ముద్ద, షోయు ఆ ఉప్పుకు ప్రధాన మార్గాలు. 1951 నుండి 1980 వరకు ఆ దేశంలో మరణాలకు మొదటి కారణం పక్షవాతమే. తరువాత ఉప్పు తగ్గించే ప్రచారం ఊరూరా సాగింది. 2019 నాటి జాతీయ సర్వేలో సగటు వాడకం పురుషులకు 10.9 గ్రాములు, స్త్రీలకు 9.3 గ్రాములుగా నమోదయింది. ఇది కూడా ఎక్కువే. అయినా ఎక్కడి నుండి ఎక్కడికి వచ్చారో చూడండి. షోయును వదలకుండానే వచ్చారు.

ఇంట్లో చేయదగినది ఏది?

"ఇంటి తయారీ" అనగానే సోయా గింజలు నానబోసి షోయునే తయారు చేయబూనవద్దు. సోయా, గోధుమల మీద కోజీ అనే ప్రత్యేకమైన బూజును పెంచి, ఉప్పునీటిలో నెలల తరబడి ఊరబెట్టితే గాని షోయు సిద్ధం కాదు. ఆ బూజుకు అతి దగ్గరి బంధువులలో ఆఫ్లాటాక్సిన్ అనే కాలేయ విషాన్ని పుట్టించేవి ఉన్నాయి. గాలిలో తేలివచ్చిన బూజును నమ్ముకొని ఈ ప్రయోగం చేయడం ప్రమాదకరం. షోయును కొనుక్కోవాలి. దానిని పలుచన చేసి, పులుపు, సువాసన జోడించి, నంజుకొనే రసంగా మలచడమే మన పని.

కొనేటప్పుడు సీసా మీది పదార్థాల పట్టిక చదవండి. మంచి షోయులో సోయా, గోధుమ, ఉప్పు, నీరు ఇంతే ఉంటాయి. కొన్ని రకాలలో నిల్వకు కొద్దిగా ఆల్కహాలు చేరుస్తారు. కారమెల్ రంగు, చక్కెర, ఆమ్లంతో విడగొట్టిన మాంసకృత్తులు మొదటి వరుసలో కనిపిస్తే అది ఊరబెట్టినది కాదు, త్వరపెట్టి చేసినది. నూడుల్స్‌కు వాడే చౌక సీసాలు చాలావరకు ఈ కోవకు చెందినవే. సుషికి అవి రుచిలోను నిలువవు.

రుచిని నిలిపే ఊట: దాషి

షోయులో ఊరికే నీళ్ళు కలిపితే ఉప్పుతో పాటు రుచి కూడా పలుచబడుతుంది. నీటికి బదులు దాషి కలపాలి. కొంబు అనే దళసరి సముద్రపు నాచును నీటిలో నానబెట్టి తీసిన ఊటయే దాషి. 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త ఈ ఊట రుచికి మూలం గ్లుటమేట్ అని కనుగొని, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మన షడ్రసాలలో దీనికి విడిగా స్థానం లేదు. బలవంతంగా ఏదో ఒక రసంలో ఇరికించి చూపవలసిన అవసరమూ లేదు. బాగా మగ్గిన టమాటా పప్పులో నాలుకకు తగిలే నిండుదనాన్ని తలచుకుంటే చాలు.

ఈ రుచిలో ఒక విశేషం ఉన్నది. కొంబులోని గ్లుటమేటుకు ఎండు షీటాకే పుట్టగొడుగులలోని గ్వానిలేట్ తోడైతే, రెండూ విడివిడిగా ఇచ్చే రుచుల మొత్తాన్ని మించిన రుచి పుడుతుంది. అకిరా కునినాకా దీనిని గుర్తించాడు. నాలుక నిండుదనంతో తృప్తి పడినప్పుడు ఉప్పు తక్కువైనా వెలితి అంతగా తెలియదు. జపానులో ఇదే పనికి పొగబెట్టి ఎండించిన కట్సుఓబుషి చేప తురుమును ఎక్కువగా వాడుతారు. శాకాహారులకు షీటాకే ఆ లోటు తీరుస్తుంది.

చేయు విధానం: అర లీటరు చల్లని నీటిలో 5 గ్రాముల కొంబు ముక్కను, రెండు ఎండు షీటాకేలను వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. కొంబు మీది తెల్లని పొడిని కడిగివేయవద్దు, పొడిబట్టతో దుమ్ము మాత్రం తుడవండి. ఉదయం సన్నని సెగ మీద పెట్టి, నీటి అంచున చిన్న బుడగలు మొదలవుతుండగానే కొంబును తీసివేయాలి. అది మరిగితే ఊట జిగురై చేదు దిగుతుంది. షీటాకేలను మాత్రం మరో పది నిమిషాలు బాగా మరిగించాలి. సరిగా ఉడకని షీటాకే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు తెప్పిస్తుంది. వడగట్టి చల్లార్చండి.

థైరాయిడ్ వ్యాధి ఉన్నవారికి ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. పెద్దలకు రోజుకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు మాత్రమే. ఒక్క గ్రాము ఎండు కొంబులోనే ఒకటి నుండి మూడు మిల్లీగ్రాముల వరకు అయొడిన్ ఉండవచ్చు, అది ఊటలోకి దిగుతుంది. కావున అట్టివారు, గర్భవతులు కొంబును విడిచి నాలుగు షీటాకేలతోనే ఊట తీసుకోవాలి. ఆరోగ్యవంతులైనా ఈ ఊటను ప్రతిదినం పులుసులా త్రాగడం అలవాటు చేసుకోవద్దు.

మూడు తయారీలు

మొదటిది దాషి-షోయు. షోయు మూడు టేబుల్ స్పూనులు, దాషి మూడు టేబుల్ స్పూనులు కలిపితే చాలు, మరేమీ అక్కరలేదు. టీస్పూనుకు ఉప్పు 0.9 గ్రాము నుండి 0.45కు దిగుతుంది. రక్తపోటు ఉన్నవారు కొన్నాళ్ళకు నాలుక అలవాటుపడిన తరువాత ఒక పాలు షోయుకు రెండు పాళ్ళ దాషి చేర్చవచ్చు.

రెండవది పొంజు. మన ఇళ్ళకు అన్నింటిలో అనువైనది ఇదేనని నా అభిప్రాయం. పుల్లని పండ్ల రసం, షోయు దీనికి ఆధారం. జపానులో యుజు, సుదాచి, కబోసు అనే నిమ్మజాతి పండ్లు వాడుతారు. అవి దొరకనిచోట నిమ్మరసం, కమలారసం కలిపితే ఆ పులుపు, ఆ సువాసన చాలావరకు అందుతాయి. దబ్బకాయ దొరికితే ఇంకా మేలు. షోయు మూడు టేబుల్ స్పూనులు, నిమ్మరసం రెండు, కమలారసం రెండు, బియ్యపు వెనిగర్ ఒకటి, దాషి నాలుగు కలపండి. కమలా తొక్క పైపొరను గోరంత తురిమి వేసి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి వడగట్టండి. తొక్క క్రింది తెల్లని భాగం పడితే చేదెక్కుతుంది. ఈ కొలతలో టీస్పూనుకు ఉప్పు సుమారు 0.22 గ్రాము, అనగా షోయులో నాలుగవ వంతు. పులుపు కూడా ఉప్పు లోటును కప్పిపుచ్చగలదు. పెరుగన్నంలో నిమ్మకాయ బద్ద నంజుకొనే వారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఆమ్లపిత్తంతో, కడుపు పుండుతో బాధపడేవారికి మాత్రం పొంజు పనికిరాదు. వారు దాషి-షోయుకే పరిమితం కావాలి.

మూడవది నికిరి. ఇది వంటవాడు సుషి మీద కుంచెతో పూసి అందించే రసం. షోయులో మిరిన్, సాకే అనే బియ్యపు మద్యాలను చేర్చి, వాటి ఘాటు పోయేవరకు కాచి చల్లారుస్తారు. కాచినంత మాత్రాన మద్యాంశం పూర్తిగా పోదు. మద్యం ముట్టని ఇళ్ళలో నాలుగు టేబుల్ స్పూనుల షోయు, నాలుగు టేబుల్ స్పూనుల దాషి, ఒక టీస్పూను చక్కెర కలిపి సన్నని సెగ మీద పొగ వచ్చేవరకు వేడి చేసి దించితే సరిపోతుంది. నికిరి గొప్పతనం దాని కొలతలలో లేదు, కుంచెలో ఉన్నది. కుంచెతో పూసినప్పుడు ఒక్కొక్క ముక్కకు కొద్ది చుక్కలే పడతాయి. పూసిన సుషిని మళ్ళీ ముంచరాదు.

ఇక చిక్కని తీపి రసాలు, కారపు మయోనైజ్‌ల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. మొదటిదానిలో చక్కెర, రెండవదానిలో నూనె దండిగా ఉంటాయి. మధుమేహం, స్థూలకాయం ఉన్నవారు రెండింటినీ దూరముంచాలి. చేపతో క్రీం చీజ్ చేర్చి చుట్టే రకం జపానుది కాదు, అమెరికాలో పుట్టినది. చేపను, పాలను కలిపి భుజించడాన్ని విరుద్ధాహారంగా చెప్పిన చరకుని మాట పాటించేవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

అద్దే పద్ధతి

గిన్నెలో ఒక్కసారికి ఒక టీస్పూను రసమే పోసుకోండి. గిన్నె నిండా పోసినది ఎంత తిన్నారో లెక్క తేలదు. సుషిని ప్రక్కకు త్రిప్పి, చేప ఉన్న వైపు అంచును మాత్రం తాకించాలి. అన్నం వైపు ముంచితే అది స్పంజిలా పీల్చుకొని, విడిపోయి, గిన్నెలోనే సగం మిగులుతుంది. జపానులో కూడా ఇదే మర్యాదగా భావిస్తారు. ప్రక్కన పెట్టే అల్లపు ఊరగాయలోను ఉప్పు, చక్కెర ఉంటాయి. ముక్కకూ ముక్కకూ మధ్య నోరు శుభ్రపడడానికి ఒక రేకు చాలు.

పచ్చి చేప మాట. షోయు, వెనిగర్, వసాబి ఘాటు చేపలోని పురుగులను చంపుతాయన్న నమ్మకం సరికాదు. అనిసాకిస్ అనే చేప పురుగు వీటికి లొంగదు. సున్నాకు దిగువన 20 డిగ్రీల సెల్సియస్ చలిలో ఏడు రోజులు ఉంచడం ప్రమాణంగా పాటించే పద్ధతి. ఇంటి ఫ్రిజ్‌లు అంత చలిని నిలకడగా ఇవ్వకపోవచ్చు. గర్భవతులు, చిన్నపిల్లలు, వృద్ధులు, వ్యాధినిరోధకశక్తి తగ్గినవారు పచ్చి చేపను పూర్తిగా మానాలి. వారికి దోసకాయ, ఉడికించిన రొయ్య, గ్రుడ్డు సుషి ఉన్నాయి.

మరికొన్ని జాగ్రత్తలు

గోధుమ పడనివారు తమారి అనే రకం తీసుకోవచ్చును గాని, కొన్ని తమారీలలోను కొద్దిగా గోధుమ ఉంటుంది. సీసా మీద గ్లూటెన్ లేదని స్పష్టంగా వ్రాసి ఉండాలి. సోయా పడనివారికి ఇవేవీ తగవు. "తక్కువ ఉప్పు" అని అమ్మే కొన్ని రకాలలో సోడియంకు బదులు పొటాషియం క్లోరైడ్ చేరుస్తారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడేవారు వైద్యుని అడగకుండా అట్టివి కొనవద్దు. మానసిక వ్యాధులకు ఎంఏఓ నిరోధకాలనే మందులు వాడేవారు ఊరబెట్టిన సోయా పదార్థాలన్నింటికీ దూరంగా ఉండాలి. అందులోని టైరమిన్ వారి రక్తపోటును హఠాత్తుగా పెంచగలదు.

శాకాహారులు దుకాణపు పొంజును కొనేటప్పుడు చేప సారం ఉన్నదేమో చూడాలి. చాలా రకాలలో ఉంటుంది. మన దేశపు సీసాల మీద ఆకుపచ్చ గుర్తు ఉంటుంది కాని, విదేశాలలో కొన్నవాటికి ఆ సౌకర్యం ఉండదు.

షోయు నెలల తరబడి చెడకపోవడానికి కారణం దానిలోని ఉప్పే. ఉప్పు తగ్గించామంటే ఆ రక్షణనూ తగ్గించామన్నమాట. కావున దాషి-షోయును, ఇంటి నికిరిని మూడు రోజులలోను, పులుపున్న పొంజును ఐదు రోజులలోను వాడుకోవాలి. మరిగిన నీటితో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి, తయారుచేసిన తేదీని చీటీ మీద వ్రాసి అతికించి, ఫ్రిజ్‌లోనే ఉంచండి. మిగిలిన దాషిని మంచు గడ్డల పళ్ళెంలో పోసి గడ్డకట్టిస్తే నెల వరకు అవసరమైనంత తీసుకోవచ్చు. మిగిలిన పొంజును ఉడికించిన బీన్స్ మీదనో, దోసకాయ ముక్కల మీదనో చల్లుకోవచ్చు. ఊట తీసిన షీటాకేలను సన్నగా తరిగి కూరలో వేసుకోండి, వాటిలో ఇంకా రుచి మిగిలే ఉంటుంది.