బొమ్మ బాగాలేదన్నప్పుడు

పత్రికలకు బొమ్మలు వేస్తూ, పుస్తకాలకు అట్టలు గీస్తూ తల నెరిసింది. ఒకప్పుడు పాఠకుడి కోపం పోస్టుకార్డు మీద ఎడిటర్ గారి బల్ల దాకా వెళ్లి, కాస్త చల్లారాక మాకందేది. ఇప్పుడు నేరుగా ఫోన్లోకే వస్తోంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

1. నోటి దురుసు వేరు, చెప్పిన సంగతి వేరు.
మా దగ్గర పనిచేసే అమ్మాయి ఒక చేనేత కథకు బొమ్మ వేసింది. అందులో గుంటమగ్గం ముందు నేతగాడు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఈ బొమ్మ వేసినవాళ్లు ఎప్పుడైనా మగ్గం మొహం చూశారా?" అని ఒకాయన కామెంట్ పెట్టాడు. అమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి. వెటకారం తీసేసి చూస్తే ఆయన అన్నది అక్షరాలా నిజం. నేతగాడి కాళ్లు గుంటలో ఉండాలి. కింది చెక్కల్ని తొక్కితేనే పడుగు విడి, నాడె దూరడానికి దారి ఏర్పడుతుంది. "నిజమేనండీ, కాళ్లు గుంటలో ఉండాలి. సరిచేసి పెడతాను" అని రాయించాను. వెటకారం ఊసే ఎత్తనివ్వలేదు.

2. "నచ్చలేదు" అన్నవాళ్లకు సంజాయిషీ అక్కర్లేదు.
రంగులు ముదురుగా ఎందుకు వేశావో ఎంత వివరించినా వాళ్లకు కొత్తగా నచ్చేదేమీ ఉండదు. ఊరుకో.

3. ఎదుటివాళ్ల మాటను ముందు నీ నోటితో చెప్పి చూడు.
"అవును, నేనన్నది అదే" అని వాళ్లు ఒప్పుకునేలా చెప్పగలిగాకే జవాబు రాయి. బొమ్మ మీద కోపం అనుకున్నది ఒక్కోసారి అచ్చులో రంగు మారినందుకో, పుస్తకం ధర పెరిగినందుకో అయ్యుంటుంది.

4. నీ బలగాన్ని ఉసిగొల్పకు.
నీ వెనక యాభై వేలమంది ఉండొచ్చు, ఆ విమర్శకుడి వెనక నూటయాభై మందే ఉండొచ్చు. అతని పోస్టును స్క్రీన్‌షాట్ తీసి "చూడండి ఏమన్నాడో" అని పెడితే, నువ్వు తిట్టకపోయినా తిట్టించినట్టే. చెప్పేదేదో ఆ కామెంట్ కిందే చెప్పు.

5. కాపీరైట్‌ను కర్రలా తిప్పకు.
తమ బొమ్మ చూపిస్తూ విమర్శించారని ఫిర్యాదు చేసి వీడియోను తీసేయించే అలవాటు కొందరికి ఉంది. విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయంగా వాడుకుంటే ఉల్లంఘన కాదని 1957 నాటి మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షనే చెబుతోంది. పైగా యూట్యూబ్‌లో ఇలాంటి ఫిర్యాదుల వల్ల 90 రోజుల్లో 3 స్ట్రైకులు పడితే ఛానెలే పోవచ్చు. ఒక మాట అన్నందుకు అవతలివాళ్ల పొట్ట కొడతామా? నీ పుస్తకం మొత్తం స్కాన్ చేసి పంచితే మాత్రం మొహమాటపడకు, ఫిర్యాదు చెయ్.

6. దిద్దితే చెప్పి దిద్దు.
చడీచప్పుడు లేకుండా బొమ్మ మార్చేస్తే, తప్పు చూపినవాళ్లే అబద్ధమాడినట్టవుతుంది. 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని గురజాడ చాలావరకు తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. అది రెండో కూర్పుగానే వచ్చింది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవగలుగుతున్నాం. మన బొమ్మకైతే "పాఠకులు చెప్పగా కాళ్లు సరిచేశాం" అన్న ఒక్క ముక్క చాలు.

7. అన్నీ పడమని కాదు.
"కాపీ కొట్టావు", "ఏఐతో చేయించావు" అన్నది అభిప్రాయం కాదు, ఆరోపణ. చిత్తుగీతలు, లేయర్లు విడివిడిగా ఉన్న ఫైలు చూపించు. ఆపైన వాదనకు దిగకు. బెదిరింపులు, ఆడపిల్లల మీద బూతులు విమర్శ కిందికి రావు. స్క్రీన్‌షాట్లు దాచుకుని, బ్లాక్ చేసి, సైబర్ క్రైమ్ పోలీసులకు అప్పజెప్పు. కానీ ఆ ఉక్రోషంలో, బొమ్మ బాగాలేదన్న పాపానికి మామూలు పాఠకుణ్ని ఆ జాబితాలో కలపకు.