ఉపగ్రహ చిత్రఖండాల కూర్పు: పంట పరిశీలనలో పాటించవలసిన క్రమం

పంటల స్థితిని జిల్లా స్థాయిలో అంచనా వేయుటకు సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా లభిస్తున్నాయి. అయితే ఇవి జిల్లా సరిహద్దులను అనుసరించక, సుమారు 110 కి.మీ. భుజం గల చతురస్ర ఖండాలుగా అందుతాయి. ఒక జిల్లా రెండు మూడు ఖండాలలో విస్తరించినప్పుడు వాటిని ప్రోగ్రామ్ ద్వారా ఒకే చిత్రంగా కూర్చవలసి ఉంటుంది. కూర్పులో దొర్లే లోపం ఆరోగ్యవంతమైన పైరును సైతం బెట్టకు గురైనట్లు చూపగలదు.

పరిమాణం, మెమరీ

10 మీటర్ల స్పష్టత గల ఖండంలో అడ్డంగా 10,980, నిలువుగా 10,980 పిక్సెళ్ళు ఉంటాయి. పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున ఒక్కొక్క బ్యాండుకు సుమారు 241 మెగాబైట్లు, నాలుగు బ్యాండ్లకు 964 మెగాబైట్లు అవసరం. 12 ఖండాలను ఒకేసారి మెమరీలోనికి తెచ్చుటకు 11 గిగాబైట్లకు పైగా కావలెను. 8 గిగాబైట్ల కంప్యూటరుపై ఇది సాధ్యపడదు.

ఇందుకు జీడాల్ సాఫ్ట్‌వేర్‌లోని వీఆర్‌టీ ఫైలు ఉపకరిస్తుంది. ఇది చిత్రం కాదు. ఏ ఖండం ఏ స్థానంలో ఉండవలెనో తెలిపే చిన్న పాఠ్య ఫైలు. దీని ఆధారంగా పైథాన్‌లోని రాస్టీరియోతో 512×512 పిక్సెళ్ళ గడి చొప్పున చదివి, గణించి, వ్రాసినచో మెమరీలో ఎప్పుడూ ఒక గడి మాత్రమే ఉంటుంది. సాధారణ టిఫ్ ఫైలు 4 గిగాబైట్లను మించజాలదు గనుక ఫలితాన్ని బిగ్‌టిఫ్ రూపంలో భద్రపరచవలెను.

ప్రొజెక్షన్

యూటీఎం విధానంలో 43, 44 మండలాలు 78° తూర్పు రేఖాంశం వద్ద కలుస్తాయి. అనంతపురం నగరం 43వ మండలంలోను, కర్నూలు నగరం 44వ మండలంలోను ఉన్నాయి. వేర్వేరు ప్రొజెక్షన్లు గల ఖండాలను ఇచ్చినచో వీఆర్‌టీ నిర్మాణ ఆదేశం సరిపోలని ఖండాన్ని హెచ్చరికతో విడిచిపెట్టి ముందుకు సాగుతుంది. కావున ముందుగా ఖండాలన్నిటినీ ఒకే మండలానికి మార్చవలెను.

విలువల సవరణ

2022 జనవరి 25 నుండి అమలులోనికి వచ్చిన 04.00 ప్రాసెసింగ్ విధానంలో పిక్సెల్ విలువలకు 1000 కలుపబడుతున్నది. పాత చిత్రాలు కూడా తిరిగి ప్రాసెస్ చేయబడినందున తేదీని బట్టి కాక, మెటాడేటాను చూసి సవరించవలెను.

ఉదాహరణకు ఒక పైరులో సమీప పరారుణ విలువ 4000, ఎరుపు విలువ 500 అనుకొందాము. ఎన్‌డీవీఐ 3500/4500, అనగా 0.78. సవరణ చేయని చిత్రంలో ఇవే 5000, 1500గా ఉండి సూచిక 3500/6500, అనగా 0.54గా వస్తుంది. పైరులో ఏ మార్పూ లేకుండానే అతుకుకు ఒక ప్రక్క పచ్చదనం తగ్గినట్లు కనబడుతుంది.

ఈ విలువలు ఋణ సంఖ్యలకు తావులేని 16 బిట్ల పూర్ణాంకాలు. అదే రకంలో 900 నుండి 1000 తీసివేసినచో -100కు బదులు 65,436 వస్తుంది. అందువలన ముందుగా దశాంశ సంఖ్యలుగా మార్చి తీసివేయవలెను. సమాచారం లేని పిక్సెళ్ళను సూచించే 0 విలువలను ఈ సవరణ నుండి మినహాయించవలెను.

తుది పరీక్ష

ప్రక్క ప్రక్క ఖండాలు సుమారు 10 కి.మీ. మేర ఒకదానిపై ఒకటి వ్యాపిస్తాయి. ఆ భాగంలోని అవే పొలాలకు రెండు ఖండాలలోని విలువలను కూర్పునకు ముందే పోల్చవలెను. భేదం కనబడినచో తేదీ, మేఘాలు, పై సవరణలను పరిశీలించవలెను. రంగులను కలిపి అతుకును మరుగుపరచుట ఛాయాచిత్రాలకు తగును గాని, కొలతలకు తగదు. అతుకు వద్ద కనబడే భేదమే లోపాన్ని తెలిపే ఆధారము.