కుక్కపిల్ల ఎందుకు కరుస్తుంది? కరవకుండా ఎట్లా నేర్పాలి?

(విజ్ఞాన వ్యాసం – 9వ తరగతి)



కుక్క విశ్వాసం గల జంతువు అని మనం చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. మన గూడేల్లో కుక్క లేని ఇల్లు తక్కువ. పోడు చేనులో రాత్రి మంచె మీద మనిషి ఉంటే మంచె కింద కుక్క ఉంటుంది. అడవిపంది వస్తే మనకంటే ముందు దానికే తెలుస్తది. ఎండాకాలంలో తెల్లవారకముందే ఇప్పపూలు ఏరడానికి పోతే ముందు కుక్క, వెనక మనం. కానీ పుస్తకంలో ఒక సంగతి రాయలేదు. మనిషితో ఎట్లా మెలగాలో కుక్కకు పుట్టుకతో తెలియదు. పిల్లగా ఉన్నప్పుడే మనం నేర్పాలి. అప్పుడు నేర్పకపోతే పెద్దయ్యాక నేర్పడం చాలా కష్టం.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మన వంటశాల వెనక కట్టెల షెడ్డులో కుక్క ఐదు పిల్లల్ని పెట్టిన విషయం అందరికీ తెలుసు. వాటికి ఇప్పుడు ఏడు వారాలు. 3వ తరగతి, 4వ తరగతి చెల్లెళ్లు సాయంత్రం బెల్లు కొట్టగానే అక్కడికే ఉరుకుతున్నారు. చేతుల మీద గీతలు పడుతున్నాయి. ఇంకొకరిని కరిస్తే పిల్లల్ని ఇక్కడి నుంచి పంపించేస్తామని మేడం అన్నారు. పిల్లల బాధ్యత వారిది కాబట్టి ఆ మాట న్యాయమే. అందుకని అవి కరవకుండా ఏం చేయాలో మనం తెలుసుకోవాలి.

పిల్లకు నోరే చెయ్యి

కుక్కపిల్ల కోపంతో కరుస్తుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు అది కోపం కాదు. మన చంటిపిల్లలు ఏది దొరికినా చేత్తో పట్టుకొని నోట్లో పెట్టుకుంటారు కదా. కుక్కపిల్లకు పట్టుకోవడానికి చేతులు లేవు. అందుకని ఏ వస్తువు అయినా మెత్తగా ఉందా, గట్టిగా ఉందా, తినేదా, కాదా అని నోటితోనే చూస్తది.

రెండో కారణం పళ్లు. కుక్కపిల్ల పుట్టినప్పుడు పళ్లు ఉండవు, కళ్లు కూడా తెరవదు. రెండు వారాలకు కళ్లు తెరుస్తది. మూడో వారం నుంచి పాలపళ్లు రావడం మొదలవుతుంది. మనకు పాలపళ్లు 20 అయితే కుక్కపిల్లకు 28. అవి సన్నగా, సూది మొనల్లాగ ఉంటాయి. నాలుగో నెల నుంచి ఊడిపోయి పెద్ద పళ్లు వస్తాయి. ఏడో నెల వచ్చేసరికి 42 పళ్లు ఉంటాయి. మనకైతే 32 మాత్రమే. పళ్లు వచ్చేటప్పుడు చిగుళ్లు సలుపుతాయి కాబట్టి ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటది.

మూడో కారణం అలసట. ఈ వయసు పిల్ల రోజుకు 18 గంటల దాకా నిద్రపోతుంది. దాన్ని నిద్ర లేపి ఒకరి తరువాత ఒకరు ఎత్తుకుంటే విసుగు వచ్చి కరుస్తది. నిద్ర చాలని చంటిపిల్ల ఏడ్చినట్టే ఇది కూడా.

తల్లి దగ్గర మొదటి పాఠం

షెడ్డు దగ్గర దూరంగా నిలబడి చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. రెండు పిల్లలు ఆడుకుంటూ ఒకటి రెండో దాని చెవిని గట్టిగా కొరికితే అది "కుయ్" మని అరిచి ఆట మానేసి పక్కకు పోతుంది. కొరికిన పిల్ల కాసేపు ఒంటరిగా నిలబడి చూస్తది. మళ్లీ ఆటకు వచ్చినప్పుడు కొంచెం మెల్లగా కొరుకుతది. తల్లి కూడా పాలు తాగేటప్పుడు పన్ను తగిలితే లేచి వెళ్లిపోతుంది. గట్టిగా కరిస్తే ఆట పోతుంది, పాలు పోతాయి. ఇదే వాటి మొదటి పాఠం.

మన ఊళ్లలో కళ్లు తెరిచిన కొద్ది రోజులకే పిల్లను తెచ్చుకుంటారు. అట్లా తెస్తే ఈ పాఠం సగంలోనే ఆగిపోతుంది. ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచడం మంచిది.

మా అవ్వ చదువుకోలేదు. కానీ ఈ పాఠం ఆమెకు తెలుసు. పిడుదులు తీస్తుంటే పిల్ల కరిచిందంటే అవ్వ దాన్ని కొట్టదు. కింద దించి, వీపు తిప్పి కూర్చుంటది. "నీతో మాట్లాడను పో" అంటది. పిల్ల చుట్టూ తిరిగి తిరిగి వచ్చి ఒళ్లో తల పెడితే అప్పుడు మళ్లీ పిడుదులు తీస్తది.

నేర్పే పద్ధతి

ఈ పని పెద్ద తరగతుల వాళ్లు, పెద్దవాళ్ల ఎదుట చేయాలి. చిన్న చెల్లెళ్లు దూరం నుంచి చూడాలి. తల్లికుక్క దగ్గరలో ఉంటే అది మనల్ని చూసి ఏం చేస్తుందో ముందు గమనించాలి. అది మూలిగినా, గుర్రుమన్నా వెనక్కి వచ్చేయాలి.

1. చెయ్యి ఆట వస్తువు కాదు. వేళ్లు ఆడించి "పట్టు పట్టు" అని ఉసిగొల్పకూడదు. లంగా అంచు, జడ రిబ్బను కూడా అందించకూడదు. ఈ రోజు నవ్వుకుంటూ రిబ్బను లాగించుకుంటే, రేపు పెద్దయ్యాక అది ఇంకొకరి జడ లాగుతది.

2. పన్ను తగలగానే ఆట ఆగాలి. చెయ్యి గబుక్కున లాగకూడదు. లాగితే దానికి పారిపోయే ఎలుకలాగ కనిపిస్తుంది, ఇంకా గట్టిగా పడుతుంది. చెయ్యి సడలించి కదలకుండా ఉంచాలి. అది వదలగానే మెల్లగా లేచి, చేతులు కట్టుకొని, వెనక్కి తిరగాలి. తిట్టకూడదు, దాని మొహం చూడకూడదు. మనసులో 20 లెక్కపెట్టి మళ్లీ ఆడాలి. మళ్లీ కరిస్తే మళ్లీ అంతే. మూడోసారి కూడా కరిస్తే ఆ పూటకు ఆట బంద్.

3. కొరకడానికి వేరేది ఇవ్వాలి. పాత చీర గుడ్డను జడలాగ అల్లి రెండు వైపులా ముడి వేస్తే చాలు, పైసా ఖర్చు లేదు. చేతి మీదికి వస్తుంటే గుడ్డ నోటికి అందించాలి. వండిన కోడి ఎముకలు వేయకూడదు. అవి చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. వెదురు ముక్కలు కూడా అంతే.

4. తాకడం అలవాటు చేయాలి. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా కుక్కపిల్లకు కొత్తవాటిని అలవాటు చేసుకునే వయసు. ఆ రోజుల్లో మంచిగా తాకిన చేతిని పెద్దయ్యాక నమ్ముతుంది. మొదట చెవి ముట్టుకొని ఒక అన్నం ముద్ద పెట్టాలి. మరునాడు కాలు పట్టుకొని మూడు లెక్కపెట్టి ముద్ద పెట్టాలి. ఆ తరువాత పెదవి ఎత్తి పళ్లు చూసి ముద్ద పెట్టాలి. ఇట్లా చేస్తే తరువాత ముల్లు తీయడానికైనా, పశువుల డాక్టరు గారు సూది వేయడానికైనా ఇబ్బంది పెట్టదు.

5. ఎత్తుకునే పద్ధతి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకొక చెయ్యి వెనక భాగం కింద పెట్టి ఒంటికి ఆనించుకోవాలి. మెడ పట్టి, ఒక కాలు పట్టి వేలాడదీస్తే పడిపోతానని భయపడి కరుస్తది. అది దాని తప్పు కాదు.

6. అందరూ ఒకే పద్ధతి పాటించాలి. ఒకరు వెనక్కి తిరిగి, ఇంకొకరు నవ్వి, మరొకరు కొడితే పిల్లకు ఏమీ అర్థం కాదు. లెక్కల సారు ఒక పద్ధతి, ఇంకొక సారు ఇంకొక పద్ధతి చెబితే మనకు ఎట్లుంటది? దానికీ అట్లే. రోజూ కొంచెం కొంచెం నేర్పితే కొన్ని వారాల్లో తేడా కనిపిస్తుంది. ఒక్క రోజులో రాదు.

కొట్టకూడదు, ఎందుకు?

మూతి మీద కొట్టడం, మూతి గట్టిగా మూసి పట్టడం, తోక లాగడం, రాయి వేయడం, ఇవి చేస్తే పిల్ల ఆ క్షణం ఊకుంటది. కానీ అది నేర్చుకునేది కరవకూడదు అని కాదు, చెయ్యి వస్తే దెబ్బ పడుతుంది అని. అప్పుడు అన్నం పెట్టడానికి వచ్చిన చెయ్యిని చూసినా ముందే కరుస్తది.

ఆటగా కరిచే పిల్ల ఒళ్లు వదులుగా ఉంటుంది, ముందుకాళ్లు వంచి వెనక భాగం పైకి ఎత్తుతుంది. భయంతో కరిచే పిల్ల ఒళ్లు బిగుసుకుంటుంది, తోక కాళ్ల మధ్యకు పోతుంది, చెవులు వెనక్కి పోతాయి, గుర్రుమంటుంది. గుర్రుమంటే కొట్టకూడదు. అది మనకు ముందుగా చెబుతోంది. గుర్రుమన్నందుకు కొడితే, తరువాత చెప్పకుండానే కరుస్తది. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు, తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు దాని జోలికి అసలు పోకూడదు.

పన్ను దిగితే ఏం చేయాలి?

ఎంత నేర్పినా ఒక్కోసారి పన్ను చర్మంలో దిగుతుంది. అప్పుడు దాచిపెట్టడం అన్నిటికంటే ప్రమాదం. "కుక్కపిల్లే కదా, చిన్న గీతే కదా" అనుకోకూడదు. చిన్న పిల్లకు కూడా రేబిస్ ఉండవచ్చు.

రేబిస్ ఒక వైరస్ వల్ల వస్తుంది. జబ్బు ఉన్న కుక్క చొంగలో ఆ వైరస్ ఉంటుంది. గాయం నుంచి అది నరాల గుండా మెదడుకు పోతుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. అన్ని రోజులూ మనిషి బాగానే ఉంటాడు. జబ్బు బయటపడ్డాక నీళ్లు మింగబోతే గొంతు పట్టేస్తుంది, నీళ్లు చూస్తేనే భయం వేస్తుంది. అప్పుడు ఏ మందూ పనిచేయదు. దాదాపు అందరూ చనిపోతారు. కానీ కరిచిన వెంటనే టీకా వేయించుకుంటే రాకుండా ఆపవచ్చు. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ గారు పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్ అనే అబ్బాయికి మొదటిసారి ఈ టీకా వేయించి బతికించారు.

మా పక్క గూడెంలో ఒక అబ్బాయిని కుక్కపిల్ల కాలి మడమ దగ్గర గీరింది. తిడతారని వాడు ఇంట్లో చెప్పలేదు. రెండు నెలల తరువాత వాడికి నీళ్ల భయం వచ్చింది. మంత్రం వేయించారు, పసరు పోయించారు. నాలుగు రోజులు కూడా బతకలేదు. వాడు మూడో తరగతి. గీత పడిన రోజే చెప్పి ఉంటే ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్లు కదా అని వాళ్లమ్మ ఇప్పటికీ ఏడుస్తది.

కాబట్టి గుర్తుపెట్టుకోండి.

1. వెంటనే కుళాయి నీళ్ల కింద గాయం పెట్టి, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కొలిమి దాకా పోయి కాల్చడం, కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి అద్దడం చేయకూడదు. గట్టిగా కట్టు కట్టకూడదు.

2. అదే రోజు వార్డెన్ మేడం గారికి, ఏ.ఎన్.ఎం. అక్కకు చెప్పాలి.

3. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. రక్తం రాకుండా గీత పడినా టీకా అవసరం. రక్తం వస్తే టీకాతో పాటు గాయంలో ఇంకొక మందు, ఇమ్యునోగ్లోబులిన్, కూడా వేయాలి.

4. చెప్పినన్ని సూదులు పూర్తిగా వేయించుకోవాలి. మొదటి రోజును 0 అని లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో చేతికి వేస్తారు. వెనకటి కాలంలో బొడ్డు చుట్టూ 14 సూదులు వేసేవారు. ఆ భయంతో ఇప్పటికీ ముసలివాళ్లు ఆసుపత్రికి పోరు. ఆ సూదులు మన దేశంలో 2005 నుంచి లేవు. ఈ మాట సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అందరూ చెప్పాలి.

మనవి

మేడం గార్లకు మా మనవి రెండు. పిల్లలకు మూడు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రి నుంచి రేబిస్ టీకా వేయించాలి, తల్లికుక్కకైతే ఇప్పుడే వేయించాలి. టీకా ప్రతి సంవత్సరం వేయాలి. జూలై 6న చాలా పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. రెండోది, గాయం అయిందని చెప్పడానికి వచ్చిన చెల్లెళ్లను ఆ రోజు తిట్టకూడదు. తిడితే రేపు ఇంకొకరు దాచిపెడతారు. కుక్కపిల్ల గుర్రుమంటే కొట్టకూడదని ఎందుకు అన్నానో, ఇదీ అందుకే.

ఆలోచించి జవాబు చెప్పండి

1. కుక్కపిల్లకు పాలపళ్లు ఎన్ని? పెద్ద కుక్కకు పళ్లు ఎన్ని?
2. పిల్ల చెయ్యి కరిచినప్పుడు చెయ్యి గబుక్కున ఎందుకు లాగకూడదు?
3. గుర్రుమన్న కుక్కను కొడితే ఏమవుతుంది?
4. పన్ను దిగితే మొట్టమొదట చేయవలసిన పని ఏది? ఎన్ని నిమిషాలు చేయాలి?
5. మీ గూడెంలో కుక్క కరిస్తే ఏం చేస్తారు? అందులో ఏది సరైనది, ఏది కాదు? రాసి తెస్తే వచ్చే నెల గోడపత్రికలో అతికిస్తాం.